ఫీజు మీరే కట్టుకోవాలి

సొరంగంలో దీపాలన్నీ ఒక్కసారి వెలగవు. మొగదల నేను బోర్డు మీద పిడి పైకెత్తితే ముందు దగ్గరి వరస కళ్లు తెరుస్తుంది. తర్వాత దాని అవతలిది, ఆ తర్వాత ఇంకా అవతలిది. ఎవరో దీపం పట్టుకుని లోపలికి నడిచిపోతున్నట్టు ఉంటుంది. చివరి వరస వెలిగేదాకా నిలబడి చూడటం నాకు అలవాటు. చూడాల్సిన పని లేదు. అయినా చూస్తాను.

పైన నది పారుతుంటుంది. కింద రైలు కోసం దారి తవ్వుతున్నారు. తవ్వేవాళ్లు వేరే, వాళ్లకి వెలుతురు వేసేవాణ్ణి నేను. కరెంటు పని. పనిలో నన్ను అందరూ మేస్త్రీ అంటారు.

ఈ పని కోసం పరాయి దేశం వచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నీ నిద్రలో నడిచినట్టే జరిగాయి. డ్యూటీ రాత్రిళ్లు. తెల్లారి ఇంటికొచ్చి, మందపాటి తెరలు లాగేసుకుని పడుకుంటే సాయంత్రానికి లేచేవాణ్ణి. పడుకునేసరికి పొగమంచు విడేది కాదు, లేచేసరికి మళ్లీ దిగేది. ఆ ఊళ్లో ఎండ అనేది ఉందో లేదో మా ఆవిణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఆమె గిన్నెలు తోముకునే చప్పుడు, పిల్ల గొణుగుడు, కిటికీ కింద బళ్లో పిల్లల కేకలు, అన్నీ నా నిద్రలోకి వచ్చి అక్కడ ఇంకో వేషం వేసుకునేవి. ఒకసారి గిన్నెల చప్పుడు వానయింది. ఒకసారి పిల్ల గొణుగుడు సొరంగం గోడలోంచి ఊరుతున్న నీళ్లయింది.

పిల్లని మేం బల్బు అంటాం. పుట్టిన కొత్తలో రాత్రంతా కళ్లు విప్పుకుని మెలకువగా ఉండేది. “ఇదేంటే, జీరో బల్బులాగా తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది” అన్నాను. ఆ మాట దానికి అంటుకుపోయింది. మా ఆవిడ మొదట్లో నాతో పేచీ పెట్టుకుంది. “ఆడపిల్లని పట్టుకుని బల్బేంటండీ? రేపు కాలేజీలో హాజరు పిలుస్తూ ‘బల్బూ’ అంటే పక్కనున్నవాళ్లు స్విచ్చి వెతుక్కోరూ?” అంది. ఇప్పుడు ఆమే నాకంటే ఎక్కువసార్లు అలా పిలుస్తుంది.

మేం ఆ దేశం రావడం ఒక్క మాట వల్ల జరిగింది. ఆ మాట ఫీజు.

ఆఫీసు మేనేజరు ఫోను చేసినప్పుడు నేనొక మిల్లులో మాడిపోయిన బోర్డు ముందు, నోట్లో టెస్టరు కరుచుకుని నిలబడి ఉన్నాను.

“మేస్త్రీ, నిన్ను విదేశం పంపిస్తున్నామయ్యా. సొరంగం పని. టికెట్లు మావి, ఇల్లు మాది. పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. ఒక్కటే షరతు. అక్కడ ఫీజు మాత్రం నువ్వే కట్టుకోవాలి.”

నాకు నవ్వొచ్చి టెస్టరు కింద పడింది. మా పనిలో ఎవరూ దాన్ని ఫ్యూజు అనరు. ఫీజే. ఫీజు పోతుంది, ఫీజు ఎగిరిపోతుంది. పింగాణీ ముక్క ఊడబెరికి, కాలిన వైరు తీసేసి, కొత్తది చుట్టి బిగిస్తే ఫీజు కట్టినట్టు. బళ్లో కట్టేదాన్నీ ఫీజే అంటారని నాకు తెలియక కాదు. కానీ నేను చదివిన బళ్లో మాస్టారు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కరెంటే లేదు గనక రెండో ఫీజూ లేదు. మేనేజరు అడిగిన పూట నా ముందు నల్లగా మాడి కూర్చున్న ఫీజు ఏది? నాకు అదే వినబడింది.

“భలేవారే సార్! మీసం మొలవకముందు నుంచీ ఎవరు కడుతున్నారు? నేనే కదా. ఒకరిచేత కట్టించుకునే రకం కాదు సార్ నేను.”

అవతల మేనేజరు కుర్చీ కిర్రుమంది.

“ఎంత ధైర్యమయ్యా నీది! అందరూ ఈ మాట దగ్గరే బేరం పెడతారు తెలుసా?”

“నా దగ్గర బేరాల్లేవు సార్.”

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. అక్కడ హెల్పరు ఉండడట, ఫీజులు గట్రా మనమే చూసుకోవాలట అని. “మీకేమైనా కొత్తా?” అని పెట్టె సర్దటం మొదలుపెట్టింది. పెట్టె అడుగున మంచి ఫీజు వైరు చుట్ట ఒకటి దాచుకున్నాను. పరాయి దేశంలో ఏం దొరుకుతుందో ఏం దొరకదో అని.

తీరా వచ్చాక చూస్తే ఆ సొరంగంలో ఒక్క పింగాణీ ముక్క లేదు. అన్నీ బ్రేకర్లే. లోడు ఎక్కువైతే టక్కున కిందపడతాయి, వేలితో పైకి లేపితే లేస్తాయి. చుట్ట పెట్టెలోనే ఉండిపోయింది.

*

ఇక బడి సంగతి.

సొరంగం ఇంజనీరుగారిల్లు మాకు పైమేడ. కంపెనీ వాళ్లింట్లో ఇద్దరు పిల్లలకీ బడి ఖర్చు పెట్టుకుంటుంది, అది ఆయన ఉద్యోగంలో భాగం. వాళ్లావిడ మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి ఆ బడి చూపించింది. గుట్ట మీద ఉంటుంది. గోడలన్నీ అద్దాలే. లోపలికి అడుగుపెడితే ఎదురుగా గోడంత చేపల తొట్టి. దాని వెలుతురు నేల మీద అలల్లాగా కదులుతుంటుంది. పిల్లలు మెత్తటి చెప్పులు వేసుకుని చప్పుడు లేకుండా ఆ అలల మీద నడిచిపోతారు. అన్ని దేశాల పిల్లలూ ఉంటారు. అక్కడ చదివితే ఏ దేశం వెళ్లినా మర్నాడే అదే పుస్తకం తెరిచి కూర్చోవచ్చట. చూసొచ్చిన మా ఆవిడ రెండురోజులు గొంతు తగ్గించి మాట్లాడింది.

బల్బుని చేర్చాం. ఆఫీసులో ఒక పెద్దావిడ నవ్వుతూ కాగితం నా వైపు తిప్పింది. దాని మీద ఉన్న అంకెలు చూసి వాళ్ల ఫోను నంబరు అనుకున్నాను. జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాను కూడా.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. “ఏవండీ, అది ఫీజు.”

ఆ సాయంత్రమే మేనేజరుకి ఫోను చేశాను.

“సార్, ఇక్కడ బడి ఫీజు...”

“నువ్వే కట్టుకుంటానన్నావు కదయ్యా! బేరాల్లేవని కూడా అన్నావు. నీ గురించి మీటింగులో చెప్పాను నేను.”

ఫోను పెట్టేసి, ఏ ఫీజు అనుకుని ఒప్పుకున్నానో మా ఆవిడతో చెప్పాను. ఆమె ఇంకా విప్పని పెట్టె మీద కూలబడి నవ్వటం మొదలుపెట్టింది. “మీ తలలో ఫీజు పోనూ!” అంటుంది, మళ్లీ నవ్వుతుంది. నేనూ నవ్వాను. నవ్వి నవ్వి ఇద్దరం ఊరుకున్నాక గది చాలా పెద్దదిగా అనిపించింది.

ఇల్లు కట్టుకుందామని దాచింది తెచ్చి మొదటి టర్ము గట్టెక్కించాం. రెండో టర్ము వచ్చేసరికి దాచింది లేదు. నెలాఖరు గడువు. జీతం మొత్తం తీసుకెళ్లి పెట్టినా సరిపోదు, సరిపోయినా తినకుండా ఉండాలి.

మా ఆవిడ ఆలోచించింది. కేకలు వేసే మనిషి కాదు. టీ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పింది.

“కట్టగలిగితే ఉంటాం. లేకపోతే నేనూ, బల్బూ ఇంటికి వెళ్లిపోతాం. మీ పనయ్యాక మీరు రండి.”

“సొరంగం అయ్యేసరికి దానికి నా ఎత్తు వస్తుందే.”

“అయితే ఏం చేద్దామంటారు?”

కిటికీ వైపు చూశాను. కింద వీధికి అవతల ఆ పేట బడి ఉంది. ఇటుక గోడ, ఇనప గేటు, గచ్చు ఆవరణ. అక్కడ ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు. ఆ పేటలో ఉంటే చాలు, చేర్చుకుంటారు.

“అదా?” అంది. “అందులో ఇక్కడి భాష తప్ప ఇంకోటి లేదు. ఈ ఊరు దాటితే ఆ భాష మాట్లాడే మనిషి దొరకడు. మనం ఇంటికి వెళ్లాక పిల్ల తనే వాగి తనే వినాలి. ఒక ఏడాది పోతుందా, రెండేళ్లు పోతాయా? నా పిల్ల దారి తప్పిపోతుందండీ.”

నేను మాటలమనిషిని కాను. టీ తాగి డ్యూటీకి వెళ్లాను. చివరి వరస వెలిగేదాకా చూశాను. ఆ వరస కింద ఎవరో చిన్నపిల్ల నిలబడి, నేను చూస్తుండగానే ఇంకా లోపలికి నడిచిపోయినట్టు అనిపించింది. రెండుసార్లు కళ్లు నులుముకున్నాను. నీళ్లు ఊరిన గోడ మీద దీపం నీడ.

*

ఆ రోజుల్లోనే బల్బు మాట తగ్గింది. బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, హాల్లో దీపం కేసి చూస్తూ నిలబడేది. అన్నం కలిపి ఇస్తే ఒక ముద్ద తిని పైకి చూసేది.

“ఏంటే అక్కడ? బల్లి ఉందా?” అనేది వాళ్లమ్మ.

“లేదు. వెలుగుతుందా లేదా అని.”

“వెలక్కపోతే మీ నాన్న లేడూ!”

దానికి పిల్ల నా వైపు ఒక చూపు చూసింది. నన్ను ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు. పని రాదేమో అన్న అనుమానంతో చూసే చూపు అది.

ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, నేను నిద్రలో ఉన్నాను. సొరంగంలో నీళ్లు నెమ్మదిగా లేస్తున్నాయి, నీళ్లల్లో రంగురంగుల చేపలు వచ్చి దీపాల దగ్గర మూతులు ఆనిస్తున్నాయి. ఒక చేప వచ్చి నా కనురెప్ప ఎత్తింది. చూస్తే బల్బు. వేలితో నా రెప్ప పైకి పట్టుకుని, మొహంలో మొహం పెట్టి ఉంది.

“నాన్నా, నిజం చెప్పు. నీకు ఫీజు కట్టడం రాదా?”

“ఎవరన్నారమ్మా?”

“అమ్మ పైమేడ ఆంటీతో అంది. ‘మా ఆయన వల్ల కాదండీ, ఈసారి ఫీజు కట్టలేరు’ అని.”

నాకు నిద్ర విడలేదు. “వస్తుందమ్మా” అన్నాను. “చాలా బాగా వస్తుంది.”

“మరి కట్టు” అంది. రెప్ప వదిలేసింది. నేను మళ్లీ నీళ్లల్లోకి జారిపోయాను. లేచాక అది కలో నిజమో తేల్చుకోలేక ఎవరికీ చెప్పలేదు.

*

నెలాఖరు దగ్గరపడ్డాక బడి నుంచి పిలుపు వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ రావాలట. డ్యూటీ దిగి పడుకోకుండా తిన్నగా బయల్దేరాను. కళ్లల్లో ఇసుక పోసినట్టుంది. గుట్ట ఎక్కుతుంటే పొగమంచులో ముందు మా ఆవిడ కొంగు, దాని ముందు బల్బు సంచి మాత్రమే కనబడుతున్నాయి. ఆ సంచి జిప్పు పిడి ఎప్పుడో ఊడిపోయింది. మూత సగం తెరుచుకుని ఉంటుంది.

ముందు టీచరమ్మ మాట్లాడింది. చిన్నపిల్లలాగా ఉంది ఆవిడే. మా ఆవిడకి ఇంగ్లీషు నాకంటే నయం, ఆమె విని నాకు చెప్పింది.

“పిల్ల తెలివైనదేనంట. కానీ పాఠం వినదంట. పొద్దస్తమానం పైన దీపాలకేసి చూస్తుందంట. ఎందుకమ్మా అంటే చెప్పదంట.”

తర్వాత ఆఫీసులో పెద్దావిడ. ఆవిడ ఈసారి కూడా నవ్వుతూనే చెప్పింది. గడువు దాటితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారట. వరసలో చాలామంది ఉన్నారట. ఆవిడ తప్పు లేదు. గొంతు కూడా చాలా మెత్తన. మా ఆవిడ తల ఊపింది. ఆ ఊపటంలోనే ఆమె మనసులో పెట్టెలు సర్దటం మొదలైందని నాకు తెలిసిపోయింది.

బయటికి వచ్చి చేపల తొట్టి దగ్గర నిలబడ్డాం. వేరే తల్లిదండ్రులు కూడా చాలామంది ఉన్నారు. ఒక పక్కన బల్ల మీద కాఫీ మిషను పెట్టారు, దాని పక్కన నీళ్లు కాచే మిషను, ఇంకో పక్క గది వెచ్చగా ఉండటానికి హీటరు. మూడూ ఒకే ప్లగ్గు దగ్గర్నుంచి తీసుకున్నారు. నేను చూశాను. నాకేం సంబంధం అని ఊరుకున్నాను.

టక్కుమంది.

దీపాలు పోయాయి. తొట్టిలో బుడగలు ఆగిపోయాయి. నేల మీద అలలు లేవు. అద్దాల బయట పొగమంచు, లోపల బూడిదరంగు చీకటి. పిల్లలు “ఓ!” అని సరదాగా అరిచారు. చేపలు కదలకుండా నీళ్లల్లో వేలాడుతున్నాయి.

బల్బు అరవలేదు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది.

“నాన్నా, పోయింది” అంది. “నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ పోయింది.”

“ఏంటమ్మా పోయింది?”

“నీ ఫీజు. నువ్వు కట్టలేదుగా. ఫీజు పోతే బడే ఉండదని అమ్మ చెప్పింది. నాన్నా, అందరికీ పోయింది. చేపలకి కూడా పోయింది. కట్టు నాన్నా. గబగబా కట్టు.”

అప్పుడు తెలిసింది నాకు. ఆ రెప్ప ఎత్తింది కలలో కాదు. ఆ బడి మొత్తానికీ, ఆ అద్దాలకీ, ఆ పిల్లలందరికీ, తొట్టిలో చేపలకీ వెలుతురు వాళ్ల నాన్న కట్టిన ఒక సన్నటి వైరు మీద ఆధారపడి ఉందని నా కూతురు అనుకుంటోంది. పాఠం వినకుండా ఇన్నాళ్లూ ఆ వైరుకి కాపలా కాస్తోంది. నేను కట్టలేనని విన్న దగ్గర్నుంచీ ఎప్పుడు తెగుతుందా అని చూస్తోంది.

మా ఆవిడ కూడా విన్నది. చీకట్లో ఆమె మొహం కనబడలేదు. నా భుజం మీద ఆమె చెయ్యి పడింది.

నేను కదలలేదు. కదలటానికి లేదు. ఊళ్లో అయితే పరుగెత్తేవాణ్ణి. ఇక్కడ ఆ గోడలో తలుపు ఎక్కడుందో కూడా తెలియదు, తెలిసినా ముట్టుకునే హక్కు నాకు లేదు. అందరితోపాటు నిలబడ్డాను. బల్బు నా మొహంలోకి చూస్తూనే ఉంది.

కాసేపటికి బడి పనివాళ్ల చొక్కా వేసుకున్న కుర్రాడొకడు తాపీగా వచ్చాడు. గోడలో చిన్న తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టి, వేలితో ఒక్కటి పైకి లేపాడు. దీపాలు వెలిగాయి. బుడగలు లేచాయి. అలలు మళ్లీ నేల మీద పరుచుకున్నాయి. అతను కాఫీ మిషను ప్లగ్గు పీకేసి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

బల్బు నోరు తెరుచుకుని అతను వెళ్లినవైపే చూసింది.

*

గుట్ట దిగుతున్నాం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముగ్గురం చేతులు పట్టుకుని నడిచాం. దారి కూడా మాతోపాటే పుట్టి మా వెనకాలే పోతున్నట్టు ఉంది.

“ఆ అన్న కట్టాడా ఫీజు?” అంది బల్బు.

“ఎవరూ కట్టలేదమ్మా. ఇక్కడ ఫీజులుండవు. బ్రేకరని ఉంటుంది. బరువెక్కువైతే తనే పడిపోతుంది. మళ్లీ లేపితే లేస్తుంది.”

“అయితే నువ్వు కట్టకపోయినా బడి ఆరిపోదా?”

“ఆరిపోదు. మన వల్ల దానికేం కాదు.”

“చేపలకి?”

“చేపలకీ ఏం కాదు.”

పిల్ల పెద్ద ఊపిరి వదిలింది. ఆ ఊపిరి కూడా పొగమంచయింది.

“మరి అమ్మ, నువ్వు రోజూ ఫీజు ఫీజు అని ఎందుకు అనుకుంటున్నారు?”

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడే చెప్పింది. “అది వేరే ఫీజమ్మా. వైరు కాదు, డబ్బు. ఆ బళ్లో కూర్చోవాలంటే ఇవ్వాలి. మన దగ్గర అంత లేదు.”

“ఓ” అంది బల్బు. డబ్బు అనగానే దానికి భయం పోయింది. డబ్బు లేకపోవడం దానికి తెలిసిన సంగతే, బొమ్మల కొట్టు ముందు రోజూ వినేదే. “ఫీజు లేని బడి ఉండదా?”

నేను కాలికి తగిలిన రాయిని పక్కకి తన్నాను.

“రెండు ఫీజులూ లేని బడి” అంది మళ్లీ, మేం సరిగ్గా వినలేదేమోనని. “పైకి చూడక్కర్లేని బడి.”

మా ఆవిడ నడక ఆగింది. ముగ్గురి చేతులూ కలిసి ఉన్నాయి గనక అందరం ఆగాం. ఆమె చెయ్యి విడిపించుకుంది. పిల్ల సంచి మూత తెరుచుకుని ఉంటే వంగి మూసింది. అది మళ్లీ తెరుచుకుంది.

*

మర్నాడు తెల్లారి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో పెట్టె కిందికి దించి ఉంది. చప్పుడు చెయ్యకుండా పడుకున్నాను. గౌన్లు, చీరలు మడతపెడుతున్న చప్పుడు కోసం చెవులు అప్పగించి పడుకున్నాను. ఆ చప్పుడు రాలేదు. నిద్రే వచ్చింది.

నిద్రలో ఎవరో లెక్కపెడుతున్నారు. తెలియని భాష. ఒక్కో అంకె నీటి చుక్కలాగా పడుతోంది, ఒక్కో అంకెకీ సొరంగంలో ఒక్కో దీపం వెలుగుతోంది. దూరంగా చిన్నపిల్లల గొంతులు. వాటితోపాటు, బాగా దగ్గరగా, ఒక పెద్ద గొంతు. ఆ గొంతు నాకు బాగా తెలుసు.

లేచి కూర్చున్నాను. తెరలు తీసి ఉన్నాయి. మేం వచ్చాక మొదటిసారి ఆ గదిలో పగటి వెలుతురు చూశాను. పలచగా, పాలలాగా ఉంది. వంటింట్లో మా ఆవిడ గిన్నె తోముతూ కిటికీలోంచి కిందికి చూస్తోంది. కింద బడి ఆవరణలో ఇద్దరు పిల్లలు తాడు తిప్పుతున్నారు, ఒక పిల్ల మధ్యలో గెంతుతోంది, మిగతావాళ్లు అరుస్తూ లెక్కపెడుతున్నారు. వాళ్లతో సమానంగా మా ఆవిడా లెక్కపెడుతోంది. గెంతే పిల్ల కాలికి తాడు తగిలి లెక్క ఆగిపోతే “అయ్యో, ఈ పిల్ల ఎప్పుడూ ఇక్కడే పడుతుంది” అని మళ్లీ మొదట్నుంచి అందుకుంది.

“ఏంటే ఆ మాటలు?” అన్నాను.

ఉలిక్కిపడింది. గిన్నె సింకులో పడింది. “ఏ మాటలు?”

“ఇప్పుడు లెక్కపెట్టావే, అవి.”

“నేనా?” అని ఆగింది. చేతికున్న నురగతోనే బుగ్గ తుడుచుకుంది. “ఏమోనండీ. రోజూ గిన్నెల వేళకి వాళ్లు గెంతుతారు. వినీ వినీ నోటికొచ్చేసినట్టున్నాయి. నేను నేర్చుకోలేదు.”

“నేర్చుకోకుండా ఎలా వచ్చాయి?”

“నన్నడుగుతారేంటి! మీకు తెలియకుండానే ఆ ఫీజు మన నెత్తిన పడలేదూ?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కిటికీ అద్దం మీద చెమట తుడిచి మళ్లీ కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తాడు నేలకి తగిలే చప్పుడు పైదాకా వినబడుతోంది.

“ఇక్కణ్ణుంచి కనబడుతుంది” అంది చివరికి. “గుట్ట మీదకి పంపితే సాయంత్రందాకా ఏం చేస్తోందో తెలియదు. ఇక్కడైతే గిన్నెలు తోముకుంటూ చూడొచ్చు.”

“పెట్టె ఎందుకు దించావు?”

“అందులో మీ వైరు ఉందిగా. పిల్ల సంచి జిప్పుకి కట్టడానికి పనికొస్తుందేమోనని.” నా వైపు తిరగకుండానే అంది. “మొదట సర్దుదామనే దించాను లెండి. అడుగున ఆ చుట్ట చేతికి తగిలింది.”

*

పైమేడ ఇంజనీరుగారి భార్య మెట్ల దగ్గర మా ఆవిణ్ణి ఆపింది. “అయ్యో చెల్లెమ్మా! పిల్లని గుట్ట మీద నుంచి కిందికి దించేశారటగా?”

“అవునక్కా” అంది మా ఆవిడ. “అక్కడ కాలు జారితే పట్టుకోవటానికి మేం లేము.”

ఆవిడ ఇంకేదో అనబోయి, మా ఆవిడ మొహం చూసి, “మంచిదేలే” అని వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ కాసేపు ఏడ్చింది. ఆ అద్దాల బడి ఆమెకి నిజంగా నచ్చింది. ఆ నేల మీద కూతురు మెత్తటి చెప్పులతో నడుస్తుంటే, ఆ నడక ఇంకా చాలా దేశాలు వెళ్తుందని ఆమె కల. నేను పక్కన కూర్చున్నాను. వైరు చుట్ట తీసి జిప్పు పని పట్టాను.

రంధ్రంలోంచి వైరు దూర్చి, రెండు పేటలు చేసి, మెలిపెట్టి, చివర పిల్ల వేలు పట్టేలా ఉంగరంలాగా చుట్టాను. చాలా రోజులైంది చేతులు ఆ పని చేసి. కొస గుచ్చుకోకుండా లోపలికి మడిచాను. బల్బు గెడ్డం కింద చేతులు పెట్టుకుని కన్నార్పకుండా చూసింది. లాగి చూసింది. జిప్పు ఈ కొస నుంచి ఆ కొసకి గర్రుమని వెళ్లింది.

“నీకు కట్టడం వచ్చుగా!” అంది.

పొద్దున్నే ముగ్గురం వీధి దాటాం. ఇనప గేటు దగ్గర పేట బడి టీచరు నిలబడి ఉంది. మోకాళ్ల దాకా కోటు, చేతులకి సుద్దముక్క పొడి. బల్బు దగ్గర వంగి ఏదో అడిగింది. పేరు అడిగిందో, భయమా అని అడిగిందో. బల్బు కాసేపు ఆలోచించి సంచి ముందుకు తిప్పి జిప్పు చూపించింది.

“మా నాన్న ఫీజు కట్టాడు” అంది, స్పష్టంగా, తెలుగులోనే.

టీచరు ఆ వైరు ఉంగరాన్ని వేలితో ముట్టుకుంది. చాలా గంభీరంగా తల ఊపింది. నా వైపు చూసి రెండు మూడు మాటలు చెప్పింది. నేనూ అంతే గంభీరంగా తల ఊపాను. తర్వాత బల్బు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

పొడుగాటి వసారా. వరసగా కిటికీలు. మొదటి కిటికీలో బల్బు తల కనబడింది, తర్వాత దాని పక్క కిటికీలో, ఆ తర్వాత ఇంకా అవతల దాంట్లో. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. పొగమంచు కొద్దికొద్దిగా పలచబడుతోంది. నాకు కాళ్లు లాగుతున్నాయి, రాత్రంతా నిలబడే ఉన్నాను. అయినా కదలలేదు. చివరి కిటికీ దాకా చూశాను.

“పదండి, పడుకుందురుగాని” అంది మా ఆవిడ. వీధి మధ్యకి వచ్చాక ఆగింది. “ఏవండీ, ఆ టీచరు మీతో ఏమందంటారు?”

“ఏమో” అన్నాను. “కొన్నాళ్లు పోయాక బల్బుని అడుగుదాం.”